ఊట దగ్గరి ఉప్పు

మొన్న కల్హేర్ సంతలో ఎండకు తాళలేక ఒక చలివేంద్రం దగ్గర ఆగాను. చెంబు అందుకుని మొదటి గుక్క నోట్లో పోసుకున్నాను కానీ మింగలేదు. నాలుక కొసకు సన్నగా ఉప్పదనం తగిలింది, పక్కకు ఉమ్మేశాను. "గీ నీళ్లు ఏ బాయివి బిడ్డా?" అని అడిగాను. "తాగెతందుకు ఏ బాయైతేంది అవ్వా" అని కుండ దగ్గరి మనిషి నవ్వాడు. ఆ ప్రశ్న నిజానికి నాది కాదు. నైజాం రోజుల్లో దాన్ని నాకు అంటించి పోయింది రాహేలక్క.

రాహేలక్క నారాయణఖేడ్‌లో మిషను దవాఖానలో పనిచేసే బైబిలు స్త్రీ. రోగుల పక్కన కూర్చుని వాక్యం చదివేది, మందు తాగించేది, వారానికోసారి మనూర్ దారిలో ఉన్న మా పల్లెకు నడిచి వచ్చేది. పొట్టి మనిషి, పెద్ద గొంతు. ఆమె సంచిలో వాక్యపు పుస్తకం పక్కనే ఖాళీ మందు సీసా ఒకటి ఉండేది. ఏ ఇంటికి పోయినా ఆ ఇంటి నీళ్లు అందులో పట్టి, మూత బిగించి ఎండలో పెట్టేది. పాటా ప్రార్థనా అయ్యాక మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకునేది. "దేవుడు ముక్కు ఊకెనే ఇచ్చిండా?" అనేది. నేనప్పుడు ఆ పల్లెకు కొత్త కోడలిని. ఆమె ఏం వాసన చూస్తోందో తెలుసుకోవాలని నేనూ వెనక వెనకే తిరిగేదాన్ని.

అంటరానివాళ్లమని మా పల్లెవాళ్లను ఊరి బావి దగ్గరికి రానిచ్చేవారు కాదు. ఎవరైనా దయతలచి దూరం నుంచి పోస్తే పట్టుకోవాలి. అందుకే పల్లెలోని క్రైస్తవ సంఘమంతా కలిసి మొరం నేలలో సొంత బావి తవ్వుకున్నారు. ముందు గడ్డపార పట్టింది సంఘపెద్ద అయిన మా మామ దేవదానం. ఆయనది తోలు పని. బావికి ఎగువన మా పెరట్లోనే, తంగేడు చెక్క వేసి తోళ్లు నానబెట్టే గుంట ఉండేది. దాన్ని లంద అంటారు. ఇల్లంతా దాని మీదే బతికేది.

రెండో వేసవికి బావి నీళ్లు వాసన కొట్టసాగాయి. పిల్లలకు విరేచనాలు ఆగలేదు. మా తోడికోడలి బిడ్డ చిక్కి సగమైంది. బైబిల్లో, చెడ్డ నీళ్లున్న పట్టణంలో ప్రవక్త కొత్త పాత్రలో ఉప్పు తెప్పించి, వేసి, ఆ నీళ్లను బాగుచేసిన సంగతి మాకందరికీ కంఠస్థం. మామ కొత్త మట్టి గురిగి నిండా ఉప్పు తెచ్చి, సంఘం పాడుతుండగా బావిలో కుమ్మరించాడు. నేనూ కన్నీళ్లతో ఆమెన్ అన్నాను. నీళ్లు ఉప్పగా అయ్యాయి, వాసన మాత్రం పోలేదు.

ఆ తర్వాత వచ్చిన రాహేలక్క ఎప్పటిలాగే సీసా ఎండలో పెట్టింది. మామకు కోపం వచ్చింది.

"ఉప్పేసినం, ప్రార్థన జేసినం. ఇగ నువ్వేంది, మళ్ల వాసన సూసుడు?"

"ప్రవక్త ఉప్పు ఏడ ఏసిండు మామా?"

"నీళ్లల్ల."

"నీళ్లు పుట్టేకాడికి పోయి ఏసిండు. మన బాయిల నీళ్లు ఏడికెళ్లి పుడుతున్నయి?"

రోజూ తోడే నేను కూడా ఆ బావి గోడ ఎటువైపు చెమరుస్తుందో ఎన్నడూ చూడలేదు. బావిలోకి వంగి చూశాను. ఎగువ వైపు, మా పెరటి దిక్కున, మొరం తడిగా మెరుస్తోంది. అందరి కళ్లూ మెల్లగా లంద వైపు తిరిగాయి.

"నా పొయ్యి ఆర్పుతందుకు వచ్చినవా రాహేలూ?" అంది అత్త.

"నాకేమెరుక? అడుగుతున్న, గంతే. నీళ్లనే చెప్పనిద్దాం."

నీళ్లు ఎలా చెబుతాయో ఆమే వివరించింది. ముందు బావిని తోడి పారబోయాలి, మామ వేసిన ఉప్పు రుచి పూర్తిగా పోవాలి. తర్వాత లందలో ఉప్పు మూట కలపాలి. అక్కడి నీళ్లు బావిలోకి దిగుతుంటే ఆ ఉప్పు కూడా వెంట వస్తుంది. రోజూ పొద్దున బావి నీళ్లు కాచి చల్లార్చి, పుక్కిలించి, రుచి చూసి ఉమ్మేయాలి. రుచి చెప్పే పని మామకే అప్పగించింది.

"లంద ఆయనది, రుచి గూడ ఆయనే జెప్పాల్నా? మంచిగుంది పంచాయితి" అని ఎవరో ఎగతాళి చేశారు.

"సంఘపెద్ద నాలుక నమ్మకపోతే ఇంకెవలది నమ్ముతరు?" అంది రాహేలక్క.

బావి తోడడానికి పల్లెంతా నడుం విరిగేలా కష్టపడింది. తాగడానికి వాగు ఇసుకలో చెలిమెలు తీసుకున్నాం. బావి మళ్లీ ఊరింది. "సప్పగుంది" అన్నాడు మామ. అప్పుడు లందలో ఉప్పు కలిపారు. మర్నాడూ సప్పగుంది అన్నాడు, ఆ మర్నాడూ అంతే. అత్త ముఖం తేటపడసాగింది. నాకేమో, తప్పని తెలిసినా, ఆ ఉప్పు వస్తే బాగుండునని లోలోపల ఆత్రం.

ఒక పొద్దున మామ నీళ్లు నోట్లో పట్టి చాలాసేపు ఉమ్మలేదు. ఉమ్మేసి, చెంబు నాకిచ్చి, నన్నూ రుచి చూడమన్నాడు. నా నాలుకకూ ఉప్పదనం తగిలింది; ఆయన ముఖం వైపు చూశాను.

అత్త ముందే అందుకుంది. "గది నువ్వు మొదలు ఏసిన ఉప్పే అయితది."

"గా ఉప్పు తోడి పారబోస్తిమి. నిన్నటిదాంక సప్పగనే ఉండె" అన్నాడు మామ. "గిది నా లంద ఉప్పు."

ఆయనే గడ్డపారతో ఆ గుంటను పగలగొట్టి, అడుగు మట్టి దాకా తవ్వి దూరం మోయించాడు. కొత్త లంద వాగు ఒడ్డున పెడతానన్నాడు. "గా వాగు ఏడికి పోతది మామా?" అంది రాహేలక్క. మామ తల పట్టుకున్నాడు. చివరికి ఏ బావీ చెలిమె లేని బంజరులో జాగా వెతికేసరికి ఆ పంట కాలం గడిచిపోయింది. అందాకా మేమంతా కూలికి పోయాం. వానల తర్వాత బావిని మళ్లీ మళ్లీ తోడితే వాసన పోయింది. తోడికోడలి బిడ్డ లేచి తిరిగింది.

నాకొక సందేహం మిగిలింది. ప్రార్థన ఫలించినట్టా, సీసా గెలిచినట్టా అని రాహేలక్కను అడిగాను.

"ఉప్పేసింది ఎవలు పిల్లా? సంఘమే గదా. మొదలు జర జాగ తప్పిన్రు, గంతే."

తర్వాత నేనూ బైబిలు స్త్రీనయ్యాను. జబ్బు ఇంట్లో మోకరించే ముందు ఆ ఇంటి నీళ్లు ఎక్కడివో అడుగుతాను. దేవుడు ఆ ప్రశ్నకు ఎన్నడూ కోపగించుకోలేదు. కల్హేర్ సంతలో కుండ దగ్గరి మనిషి, నేను మళ్లీ అడిగేసరికి, నవ్వడం మానేశాడు. "నాకు గూడ ఎరుకలేదు అవ్వా, పా సూద్దాం" అని లేచాడు. చెంబు చేతిలోనే పట్టుకుని అతని వెంట నడిచాను.