మాచిపత్రి చుట్ట పక్కన రెండు వేళ్లు

ఆక్యుపంక్చర్ సూది దింపాక జియావ్ యూలియాన్ ఒకే మాట అడిగేది. "వచ్చిందా?"

షియాన్ నగరానికి తూర్పున, మా నూలు మిల్లుల కాలనీలో ఆ మాటకు ఎవరికీ అర్థం చెప్పనక్కర్లేదు. సూది పడ్డచోట జివ్వుమని, బరువెక్కి, తిమ్మిరి పాకితే వచ్చినట్టు. పాకకపోతే సూది వృథా. రోగి "వచ్చింది" అంటేనే ఆమె చెయ్యి తీసి రెండో సూది అందుకునేది. రాకపోయినా వచ్చిందనేవాళ్లే ఎక్కువ. సూది పట్టుకున్న మనిషి ముఖం మీద రాలేదని చెప్పడం మాకు మర్యాద కాదు. యూలియాన్ దాన్ని పట్టించుకునేది కాదు. నోరు ఏం చెప్పినా వేళ్లకు తెలిసేది. వచ్చిన సూదిని మగ్గంలో చిక్కుపడిన దారంలా లోపల్నుంచి ఎవరో పట్టుకున్నట్టు ఉంటుందట. రాని సూది మెత్తటి టోఫులో గుచ్చినట్టు ఉంటుందట.

"అబద్ధం. సరిగ్గా చూసుకుని చెప్పు," అని మళ్లీ తిప్పేది.

భర్త దాంగ్ వాన్‌త్సాంగ్‌ది మర్దన పని. కుర్రతనంలో బియ్యం సంచి మీద కుడి బొటనవేలు ఆడిస్తూ నేర్చుకున్నాడు. లోపలి బియ్యం నూకలయ్యేదాకా గురువు సంచి మార్చనిచ్చేవాడు కాదు. మొగుడూపెళ్లాలిద్దరూ మిల్లు ఆసుపత్రిలో పనిచేశారు. మిల్లు మూతపడింది, దాని వెనకే ఆసుపత్రీ మూతపడింది. క్వార్టర్ల కింది అంతస్తులో ఒక గది తీసుకున్నారు. రెండు మంచాలు, మధ్యలో తెర, మూలన బొగ్గు పొయ్యి. వచ్చేవాళ్లలో ఎక్కువమంది పాత నేతపనివాళ్లే. భుజాలు, మణికట్లు, నడుములు అరిగిపోయినవాళ్లు. మగ్గాల మోతకు చెవులు పోయి అందరూ అరిచి మాట్లాడతారు. అత్తగారి మీద పెట్టుకున్న కోపం కూడా ఆ గది నుంచి వీధి చివరి సేమ్యా కొట్టు దాకా వినిపించేది.

ఒకరోజు వాన్‌త్సాంగ్ ఒకావిడ వీపు మర్దన చేస్తూ మధ్యలో ఆగాడు. ఆవిడ బోర్లా పడుకునే, "మేస్త్రీ, ముందు పని కానియ్, తర్వాత పొగ తాగుదువు," అంది. జవాబు రాలేదు. తిరిగి చూస్తే అతను మంచం కోడు పక్కన కూలబడి ఉన్నాడు.

మాట మిగిలింది. కుడి కాలు కొంత మిగిలింది. కుడి చెయ్యి పోయింది.

అప్పటినుంచి రోజూ పొద్దున్నే, గది తలుపు తీయకముందే, యూలియాన్ అతని చేతికి సూదులు వేసేది. పక్షవాతంలో మొదటి నెలలు దాటాక ఆశ సన్నగిల్లుతుందని ఆమెకు తెలుసు, అతనికీ తెలుసు. అయినా అడిగేది.

"వచ్చిందా?"

"వచ్చింది."

రాలేదని ఆమె వేళ్లు చెప్పేవి. అతనికి మాత్రం "అబద్ధం" అని ఎప్పుడూ అనలేదు. సూది అలాగే వదిలి రెండోది అందుకునేది. అతను మళ్లీ మంచం పక్కన నిలబడి పని చేస్తాననేవాడు. కాదనడానికి ఆమెకు మనసు రాలేదో, ఓపిక లేదో తెలియదు. ఆ సూదులు ఆగితే ఆ చేతికి ఇక ఎవరూ లేరు. ఆమె చేతులు ఆగితే గదీ లేదు.

అతను పడిపోయాక రెండో చలికాలంలో ఆమె వేళ్లే మొద్దుబారడం మొదలైంది. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు. ముందు రాత్రిళ్లు జిల్లుమనేవి. తర్వాత చాప్‌స్టిక్‌లు జారేవి, కోటు గుండీ దొరికేది కాదు. అదేమిటో ఆమె ఎవరినీ అడగలేదు. దారాలు ముడివేసి వేసి మణికట్టులో నరం నొక్కుకుపోయిన ఆడవాళ్లకు ఆ గదిలోనే బోలెడుమందికి సూదులు వేసింది. సూదులు తిప్పి తిప్పి తనకూ అదే వచ్చింది. వాన్‌త్సాంగ్‌కు చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు.

సూదులు పడాల్సిన చోటే పడుతున్నాయి. ఆ చోట్లు కళ్లకు తెలుసు. కాని పట్టు తెలియడం లేదు. "అబద్ధం" అనడం మానేసింది. "వచ్చిందా?" అని అడిగి, ఏమంటే అది నమ్మింది. అందరూ మర్యాదగా "వచ్చింది" అన్నారు. కొందరి నొప్పులు తగ్గలేదు. చలి ఎక్కువగా ఉందనుకున్నారు, వయసు మీద పడిందనుకున్నారు.

భర్త "వచ్చింది" అన్నప్పుడు ఆమె అతని ముఖం చూసేది. ఆ ముఖంలో ఏమీ ఉండేది కాదు. ఇప్పుడు నిజమేనేమో, ఆమెకు తెలిసే దారి లేదు.

ఆ పై ఏడు చలికాలం, నీళ్ల కుళాయిలు గడ్డకట్టిన రోజులవి. ఆ పొద్దున యూలియాన్ ఎండు మాచిపత్రి చుట్ట వెలిగించింది. సూదితో పాటు దాని వేడి కూడా పెడతారు. చర్మానికి తాకకుండా, బెత్తెడు దూరంలో. స్పర్శ లేని రోగికయితే ఒక కట్టుబాటు ఉంది. వేడి పెట్టే చోటుకు అటూ ఇటూ వైద్యుడు తన రెండు వేళ్లు ఆనించి ఉంచాలి. రోగికి తెలియని మంట ముందు ఆ వేళ్లకు తెలియాలి. మిల్లు ఆసుపత్రిలో కొత్త నర్సులకు ఇది నేర్పింది యూలియానే. వేళ్లు పెట్టకుండా చుట్ట పట్టుకున్న పిల్లను ఒకసారి గది బయటికి పంపేసింది కూడా.

భర్త ముంజేతి మీద కుడి చూపుడువేలు, మధ్యవేలు ఆనించింది. జారకుండా ఎడమచేత్తో మధ్యలో చుట్ట పట్టింది. ఇంకా తెరవని తలుపు తట్టి లోపలికొచ్చిన హుయ్ ఫెంగ్‌లాన్ తెర అవతల మంచం మీద ఉంది. పాత నేతగత్తె, భుజంలో సూదులతో కదలకుండా పడుకుంది. సూదులు ఉన్నంతసేపూ నోరు మూసుకునే రకం కాదు.

"అక్కా, మా పక్కింటాయన కొత్త పళ్లు కట్టించుకున్నాడు. పాత పళ్లతో అబద్ధాలాడేవాడు, ఇప్పుడు కొత్త పళ్లతో ఆడుతున్నాడు!"

యూలియాన్ నవ్వలేదు. "వేడి తెలుస్తోందా?" అని భర్తను అడిగింది.

"వెచ్చగా ఉంది," అన్నాడు.

ఎప్పుడూ అనేదే. ఆమె చుట్ట కొంచెం కిందికి దించింది. తన వేళ్లకు ఏమీ తెలియలేదు కనుక ఇంకొంచెం దించింది.

"పొద్దున్నే పంది తోలు ఎవరు కాలుస్తున్నారు?" ఫెంగ్‌లాన్ అరిచింది. "అక్కా, మీ పొయ్యి మీద ఏదో మాడుతోంది!"

పొయ్యి మీద వేడినీళ్ల కెటిల్ తప్ప ఏమీ లేదు. యూలియాన్ చుట్ట పైకెత్తి చూసింది. భర్త ముంజేతి మీద చర్మం తెల్లగా ఉబ్బి, అంచున గోధుమరంగు తిరిగింది. ఆమె చూపుడువేలి పక్కన కూడా ఎర్రగా కమిలింది.

"వెచ్చగా ఉందన్నావుగా!"

"నీ వేళ్లు అక్కడే ఉన్నాయిగా," అన్నాడు వాన్‌త్సాంగ్.

యూలియాన్ చుట్టను ఇసుక డబ్బాలో గుచ్చి ఆర్పింది. చల్లటి నీళ్లు పోసి, గుడ్డ చుట్టింది. ముడి వేయబోతే కొస జారింది. మళ్లీ పట్టుకుంటే మళ్లీ జారింది. అతను ఎడమచేత్తో ఒక కొస పట్టుకున్నాడు, రెండోది ఆమె పళ్లతో లాగింది. ముడి పడ్డాక అతను ఆమె చెయ్యి వదల్లేదు. అరచెయ్యి పైకి తిప్పి, మణికట్టు మీద వేలితో కొట్టి చూశాడు. బొటనవేలి కింద కండ పట్టి చూశాడు. సగం కరిగిపోయి ఉంది.

"ఎన్నాళ్లయింది?"

"నిరుడు చలికి."

"నాకు చెప్పలేదే?"

"నీకు రావట్లేదని నువ్వు చెప్పావా?"

అతను ఆమె వేళ్లు ముడిచి, అరచెయ్యి మూశాడు.

తెర అవతల మంచం కిర్రుమంది. చెవులు పోయిన ఫెంగ్‌లాన్‌కు మాటలు వినపడలేదు కాని, తెర సందులోంచి ఇద్దరి పెదవులూ కనపడ్డాయి. మగ్గాల మోత మధ్య అందరూ అలాగే పెదవులు చూసి మాట్లాడుకున్నవాళ్లు.

"అయితే అక్కా, నా భుజం సంగతేమిటి? ఇన్నాళ్లూ వచ్చినట్టా, రానట్టా?"

"అది నువ్వే చెప్పాలి."

"నేను మర్యాదకి వచ్చిందన్నాను!"

"నేను నమ్మాను," అంది యూలియాన్. లేచి వెళ్లి ఆమె భుజంలోని సూదులన్నీ తీసేసింది.

ఆ వారంలోనే కిటికీకి అంటించిన 'సూదులు' అన్న ఎర్ర అక్షరాలను బ్లేడుతో గీకేసింది. 'మర్దన' అన్నవి అలాగే ఉన్నాయి. నగరంలో పెద్ద ఆసుపత్రి డాక్టరు మణికట్టు కోసి నరాన్ని వదులు చేస్తే మంచిదన్నాడు. ఆలస్యమైంది కనుక వేళ్లకు స్పర్శ తిరిగి రావచ్చు, రాకపోనూవచ్చు అన్నాడు. ఎండాకాలం చూద్దామని ఆమె ఇంటికి వచ్చేసింది. భర్త చేతికి సూదులు ఆగిపోయాయి. ఆ కాలిన మచ్చ మానడానికి చాలాకాలం పట్టింది. మానేటప్పుడు దురదగా ఉందా అని ఎవరో అడిగితే, లేదన్నాడు.

వాన్‌త్సాంగ్ పాత బియ్యం సంచి అటక మీదనుంచి దింపించాడు. పొద్దున్నే స్టూలు మీద కూర్చుని ఎడమ బొటనవేలు దాని మీద ఆడిస్తాడు. ఎడమచేతి మర్దనకు వచ్చేవాళ్లు తక్కువ. ఫెంగ్‌లాన్ వస్తుంది. "మేస్త్రీ, ఇది మర్దనా, ముద్దు చేయడమా? కొంచెం బలం పెట్టు," అని వీధంతా వినపడేలా అరుస్తుంది. అతను ఇంకొంచెం వంగుతాడు.

మధ్యాహ్నం ఎవరూ ఉండరు. యూలియాన్ కుడిచెయ్యి సంచి మీద పెట్టి కూర్చుంటుంది. అతను ఆమె మణికట్టు మీద బొటనవేలు ఆన్చి, నెమ్మదిగా నొక్కుతాడు.

"వచ్చిందా?"

"రాలేదు."

వేలు కొంచెం పక్కకు జరుపుతాడు.

"ఇప్పుడు?"

"రాలేదు."

అతను తల ఊపి, వేలు మళ్లీ జరుపుతాడు.