ఎమెరెన్సియా వేసిన శిక్ష

మా గ్వాపీ నది ఒడ్డున పసిబిడ్డ పోతే శవం చుట్టూ చేరి ఆటలాడతాం. ఏడిస్తే, దేవదూతగా మారిన బిడ్డ రెక్కలు తడిసి ఎగరలేదని నమ్మకం. ఆ ఆటలు ఆడించేది మడ అడవిలో గుల్లలు ఏరుకుని బతికే ఎమెరెన్సియా. నా కొడుకు పోయిన రోజు, కన్నీళ్లు పెట్టానని నన్ను అందరిముందూ కసిరింది. ఆ కోపం నాకింకా చల్లారలేదు.

ఈసారి ఆమె మనవరాలే పోయింది. ఉంగరాన్ని గుప్పిట్లో దాచి చేతులు మార్చే ఆట మొదలైంది. బిడ్డ తల్లి యాడిరా అందరికంటే గట్టిగా నవ్వుతోంది. ఉంగరం ఆమె దగ్గరే దొరికింది.

"ఓడిపోయావే. చెప్పింది చెయ్యాలి" అంది ఎమెరెన్సియా.

"చెప్పమ్మా. గాడిదలా అరవనా?"

"ఏడువు."

"రెక్కలు తడుస్తాయమ్మా."

"తడవనీవే. ఎగరలేకపోతే మన దగ్గరే ఉంటుంది."