అద్దె ఖాకీ

ఎనభైల మొదట్లో నేను వరంగల్‌లో ఒక హైస్కూల్లో లెక్కలు చెప్పేవాణ్ణి. సినిమా చదువు చదివొచ్చిన మా మేనబావ ఇరవై నిమిషాల చిన్న సినిమా తీస్తూ, కానిస్టేబుల్ వేషానికి నన్ను పట్టుకున్నాడు. కథ ఇద్దరు పోలీసులది. దొంగతనం కేసులో తప్పు మనిషిని పట్టుకున్నామని వాళ్ళకు తెలుసు. పైవాళ్ళతో చెప్పే ధైర్యం లేదు. ఖాకీ బట్టలు నాటకాల వాళ్ళ దగ్గర అద్దెకు దొరికాయి.

ధర్మసాగర్ చెరువు కట్ట మీద షూటింగ్. మధ్యాహ్నం బావ కెమెరాలో రీలు మారుస్తుంటే నేను నీడలో కూర్చున్నాను. ఒకామె గబగబా నడిచొచ్చి నా ముందు చేతులు జోడించింది.

"సారూ, మా ఇంటాయనను పొద్దుగాల జీపుల తీస్కపోయిండ్రు. యాడ పెట్టిండ్రో జర చెప్పుండ్రి."

ఆ రోజుల్లో జీపెక్కిన మనిషి కోసం ఇంట్లోవాళ్ళు ఎలా అల్లాడేవాళ్ళో నాకు తెలుసు. టోపీ తీసేశాను. "నేను పోలీసును కాదు చెల్లె. సినిమా కోసం ఏసిన వేషమిది."

ఆమె నమ్మలేదు. అక్కడే నేల మీద కూలబడింది. ఏడవలేదు. అలా వదిలేయడానికి నాకు మనసొప్పలేదు, స్టేషన్‌కు తీసుకెళ్తానన్నాను.

వెలుతురు పోతుందని బావ విసుక్కున్నాడు. ఆమె వైపు ఒకసారి చూసి, స్కూటర్ తాళం నా చేతిలో పెట్టాడు. నా బట్టలు వేసుకుని వచ్చాక ఆమెకు నా మాట మీద నమ్మకం కుదిరింది. వెనక కూర్చోబెట్టుకుని పోలీస్ స్టేషన్‌కు వెళ్ళాను. మెట్ల దగ్గర ఒకసారి ఆగి, ఆమె కంటే ముందు ఎక్కాను.

వరండాలో బెంచీ మీద ఆమె భర్త చాయ్ తాగుతున్నాడు. తెల్లవారుజామున లారీ బోల్తా పడటం చూసింది అతనొక్కడే. సాక్ష్యం రాసుకోవడానికి తీసుకొచ్చారట.

"చాయ్ తాగుతానవా ఈడ? ఆడ నా పానం పోయింది" అంటూ ఆమె అతని పక్కన కూర్చుని, అప్పుడు ఏడ్చింది.

ముసలి హెడ్ కానిస్టేబుల్ లేచి వచ్చాడు. "ఇంటికి కబురు పంపాల్సింది బిడ్డా. మాదే తప్పు" అన్నాడు. నేనెవరినని అడిగితే సినిమా సంగతి చెప్పాను.

"మీ సినిమాల పోలీసోడు మంచోడా, చెడ్డోడా?"

"భయపడ్డోడు" అన్నాను.

ఆయన తలూపి, "గట్లనే తియ్యుండ్రి" అన్నాడు.

పొద్దు వాలేలోపు తిరిగొచ్చి చివరి సీను చేశాను. కానిస్టేబుల్ నోరు విప్పే ఘట్టానికి బావ పేజీడు మాటలు రాశాడు. నేను మాత్రం "మాదే తప్పు" అని ఊరుకున్నాను. బావ ఆ రెండు మాటలే ఉంచాడు.

మరుసటి ఏడు ఆ సినిమా ఒక బహుమతికి తుది జాబితా దాకా వెళ్ళింది. హైదరాబాద్‌లో పెద్ద తెర మీద చూసుకున్నాం. బహుమతి వేరేవాళ్ళకు వచ్చింది. తిరుగు బండిలో మాకు కిటికీ పక్క సీట్లు దొరికాయి, కాజీపేట వచ్చేదాకా ఇద్దరం హాయిగా నిద్రపోయాం.