సోలారు ట్రక్కు మావయ్య

పోయిన నెల గుడివాడలో మా మావయ్య పోయారు. పొద్దున్నే కాఫీ తాగి, పేపరు చదువుతూ కుర్చీలోనే ఒరిగిపోయారని అత్తయ్య ఫోను చేసి చెప్పింది. బందరు నుంచి బస్సు పట్టుకుని నేను వెళ్లేసరికి వరండాలో పడుకోబెట్టి ఉన్నారు. మర్నాడు జిల్లా పేపర్లో చిన్న వార్త వేశారు. పాలిటెక్నిక్‌లో ఏళ్ల తరబడి ఎలక్ట్రికల్ పాఠాలు చెప్పారని ఒక వాక్యం, రిటైరయ్యాక దివిసీమలో సోలారు ట్రక్కు పెట్టి విఫలమయ్యారని ఇంకో వాక్యం. ఆ రెండో వాక్యం అబద్ధం. నేనిది రాస్తున్నది అందుకే.

నాగాయలంక దాటి సముద్రం వైపు వెళ్తే, కరెంటు స్తంభాలు ఆగిపోయిన చోటికి అవతల ఒక పల్లె ఉంది. చేపలు పట్టేవాళ్లు, కోతల రోజుల్లో కూలికెళ్లేవాళ్లు ఉండే ఊరు. గట్ల మీద రక్తపింజర్లు ఎక్కువ. కరిస్తే అవనిగడ్డ ఆసుపత్రికి చేరేదాకా ప్రాణం నిలుస్తుందన్న నమ్మకం లేదు. పాము మందు ఊళ్లోనే ఉండాలి, అది చల్లగా ఉండాలి, దానికి కరెంటు కావాలి. మావయ్య ఒక పాత ట్రాక్టరు ట్రక్కు సంపాదించి, దాని మీద రేకుల గది కట్టించారు. పైన సోలారు పలకలు, కింద తాళం వేసే అరలో బ్యాటరీలు, లోపల ఒక చిన్న ఫ్రిజ్, రెండు ట్యూబులైట్లు. తుపాను వస్తోందంటే ట్రాక్టరుకి తగిలించి మెరక మీదికి లాక్కెళ్లొచ్చని ఆయన ఆలోచన. ఖర్చు బందరులోని ఒక సేవా సంఘం పెట్టుకుంది. ఒక నర్సమ్మ అక్కడే ఉండేది. ఆ ఊరి జాలరి ఒకతను ట్రక్కుకి కాపలా.

ఎప్పుడూ ఏదో ఒక జబ్బు చేసేది దానికి. లైటు మసగ్గా ఉందనో, ఫ్రిజ్ మూలుగుతోందనో నాగాయలంక వచ్చి ఫోను చేసేవాళ్లు. మావయ్య సంచీలో మీటరు, స్పానర్లు, గరుకు కాగితం, వాజలైన్ డబ్బా వేసుకుని బస్సెక్కేవారు. నేను లెక్కల టీచర్ని, నాకు ఆ విద్య రాదు. సెలవు రోజైతే తోడు వెళ్లేదాన్ని.

దిగగానే మీటరు తీసేవారు కాదు. ఎవరో ఒకరి మంచం మీద కూర్చుని, నిన్నా మొన్నా ట్రక్కుతో ఏమేం చేశారో చెప్పమని చుట్టూ చేరినవాళ్లని అడిగేవారు. నేను విసుక్కుంటే, మీటరు వోల్టులు చెబుతుంది గానీ ఎవరేం చేశారో చెప్పదు కదా అనేవారు. ఆ తర్వాతే బ్యాటరీల దగ్గర కూర్చునేవారు. ఉప్పు గాలికి టెర్మినళ్ల మీద తెల్లగా, పచ్చగా పొడి పట్టేది. వంటసోడా కలిపిన వేడి నీళ్లతో కడిగి, రుద్ది, గట్టిగా బిగించి వాజలైన్ పూసేవారు. సగం జబ్బులు అక్కడే కుదిరేవి. మిగతా సగానికి మాత్రం ఆయన నోరు భరించలేం. సన్నటి వైరు వేసిన ఫిట్టరుని, ఆ వైరు అమ్మిన షాపువాణ్ణి, వాణ్ణి కన్నవాళ్లని కూడా తిట్టేవారు. అంత పొడుగు లాగితే కరెంటు దారిలోనే అలిసిపోతుందిరా అని వైరుతోనే దెబ్బలాడేవారు.

ఒక దసరా తర్వాత ఛార్జింగు సగానికి పడిపోయిందని కబురొచ్చింది. వెళ్లి చూస్తే ఆయుధపూజకని ఆడవాళ్లు ప్రతి పలకకీ పసుపు దట్టంగా పూసి, పైన అరచేయంత కుంకుమ బొట్లు పెట్టారు. గొట్టంలో ఒకచోట కాలేసి తొక్కితే నీళ్లన్నీ ఎలా ఆగిపోతాయో, పలకలో ఒక గడి మీద నీడ పడ్డా అలాగే అవుతుంది. ఇవాళ వీళ్లకి మూడిందని నేననుకున్నాను. ఆయనేమో తడిగుడ్డ తెప్పించి తనే తుడిచి, అమ్మవారికి చక్రాలంటే ఇష్టం, వచ్చే ఏడు బొట్లు అక్కడ పెట్టండమ్మా అన్నారు. ఆ ఊళ్లో ఆయన్ని చూస్తే ఆడవాళ్లు కొంగు సర్దుకుని నవ్వుతూ వచ్చేవాళ్లు.

ఊరివాళ్లకి కోపమల్లా ఒక్క పెట్టె మీదే. బ్యాటరీ దిగిపోతున్నప్పుడు ఆ పెట్టె ముందు లైట్లని ఆపేసి, మిగిలిన కాస్త కరెంటుని ఫ్రిజ్‌కి దాచేది. మావయ్య పట్టుబట్టి పెట్టించారు దాన్ని. లైట్ల లైనుకే తగిలించుకున్న టీవీ సినిమా మధ్యలో ఆరిపోతోందని ఒకసారి కుర్రాళ్లు గొడవ పెట్టుకుంటే, "లైటు పోతే మీకు లాంతరుంది, మందుకేముంది?" అన్నారు.

ఆ ఏడు కోతల ముందు ఊరి పెద్దాయన తన మనవరాలికి ఓణీల ఫంక్షను చేశారు. ఆయనకి రొయ్యల చెరువులున్నాయి, జనరేటరు తెప్పించుకోవడం ఆయనకి లెక్కలోది కాదు. ఊళ్లో ఉత్తినే వచ్చే కరెంటు ఉండగా ఎందుకనుకున్నారు. పందిరికి సీరియల్ బల్బులు, సౌండు బాక్సులు అన్నీ ట్రక్కుకి తగిలించారు. కాసేపటికి పెట్టె తన పని తను చేసింది. బల్బులారిపోయి, చుట్టాల ముందు పెద్దాయనకి తలకొట్టేసినట్టయింది. పెట్టెని తప్పించి నేరుగా బ్యాటరీ నుంచే వైరు లాగమన్నారు. లాగారు.

ఫంక్షను అయ్యేసరికి బ్యాటరీలు పీల్చి పిప్పయ్యాయి. పైగా ముసురు పట్టింది. ఫ్రిజ్ ఆగిపోయింది. మందు పాడవుతుందని నర్సమ్మ దాన్ని ఐసు డబ్బాలో పెట్టుకెళ్లి అవనిగడ్డ ఆసుపత్రిలో ఇచ్చేసి, పెద్దాయన పందిరికి కరెంటు లాగించిన సంగతి మావయ్యకి ఫోను చేసి చెప్పింది. మేం బయల్దేరిన పొద్దున్నే, కూలికెళ్లిన ఒకామెని గట్టు మీద రక్తపింజర కరిచింది. బురదలో మంచం మీద మోసుకెళ్తుంటే దారిలోనే పోయింది. ఆమె ట్రక్కు కాపలా చూసే జాలరి భార్య.

మేం వెళ్లేసరికి ఊరంతా ఆ ఇంటి ముందే ఉంది. ఆ రోజు మావయ్య ఎవర్నీ ఏమీ అడగలేదు. తన దగ్గరున్న మారుతాళంతో బ్యాటరీల అర తీశారు. ఎర్ర వైరొకటి నేరుగా బ్యాటరీకి బిగించి ఉంది. వైరు చాలక మధ్యలో అతికారు. ఆ అతుకు ఎలక్ట్రీషియన్లు మెలిపెట్టినట్టు లేదు. వల తెగితే వేసే ముడి అది. అలాంటి ముడి ఆ ఊళ్లో అందరికీ వచ్చు గానీ, ఆ అర తాళం ఊళ్లో ఒక్కడి దగ్గరే ఉండేది. మావయ్య ముడిని వేళ్లతో తడిమి, వైరు విప్పి, చుట్ట చుట్టి జేబులో పెట్టుకున్నారు.

ఇంతలో పెద్దాయన వచ్చారు. నలుగురూ వింటుండగా, మిషను సమయానికి మొరాయించి మనిషిని పొట్టన పెట్టుకుందన్నారు. మావయ్య తలొంచుకున్నారు. తిరుగు బస్సులో నేనాగలేకపోయాను. జేబులో వైరు పెట్టుకుని ఎందుకు నోరు మెదపలేదు మావయ్యా అని నిలదీశాను. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ చెప్పారు. "కట్టించిందెవరో చెబితే, కట్టిందెవరో దానంతటదే బయటికొస్తుంది అమ్మాయ్. అతనింట్లో శవం ఉంది. తన చేత్తోనే జరిగిందని అతనికి తెలియకూడదు. నువ్వు కూడా ఎక్కడా అనకు."

అనలేదు. బందరులో సేవా సంఘం సమావేశం పెట్టినప్పుడూ అనలేదు. సోలారు ఇక్కడి గాలికి పనికిరాదని పెద్దాయన అక్కడ ఉపన్యాసమిచ్చారు. కొత్త బ్యాటరీలు వేస్తే మళ్లీ నడుస్తుందని, ట్రక్కుని గుడివాడ పంపమని మావయ్య బతిమాలారు. ఎవరూ వినలేదు. తర్వాతెప్పుడో ఆ పలకలు పెద్దాయన రొయ్యల చెరువు కాపలా పాక మీద కనిపించాయి. మూలకి ఫిట్టరు సొట్ట పెట్టినందుకు మావయ్య నానా మాటలన్న పలక కూడా వాటిలో ఉంది. శుభ్రంగా పనిచేస్తోంది. అంటే పెద్దాయన రొయ్యలకి ఈ గాలి పడిందన్నమాట. ఆ మాట ఇంటికొచ్చి చెబితే, దుమ్ము తుడుస్తున్నారో లేదో అన్నారు మావయ్య. నాకు ఆయన మీద కూడా ఒళ్లు మండింది.

ఆ తర్వాత ఆయన అటువైపు బస్సెక్కలేదు. మాస్టారి మిషను మనిషిని తీసిందన్న మాట గుడివాడ దాకా వచ్చింది. పెళ్లిళ్లలో ఆయన పక్కన కూర్చున్నవాళ్లు జాలిగా ఆ సంగతే ఎత్తేవాళ్లు. ఆయన ప్రతిసారీ పెరుగు వడ్డించమని అటు తిరిగేవారు.

పెద్దకర్మ రోజు ఊరి పెద్దాయన కారులో వచ్చి ఫొటోకి దండ వేశారు. ఎంత మంచి మనిషండీ, ఆ మిషనే ఆయన పేరు తీసేసిందని అత్తయ్యతో అన్నారు. గారెలు మారు వడ్డించుకుని తిని వెళ్లారు.

చుట్టాలందరూ సర్దుకున్నాక జాలరి వచ్చాడు. నేను ముందు గుర్తుపట్టలేదు, జుట్టంతా తెల్లబడిపోయింది. వరండా మెట్ల దగ్గరే ఆగిపోయి, తువ్వాలు చేతిలోకి తీసుకున్నాడు.

"ఆ వైరు కట్టింది నేనేనమ్మా. పెద్దాయన కట్టమంటే కట్టాను. మా ఆవిడ్ని మట్టి చేసొచ్చి, దాన్ని పీకేద్దామని ట్రక్కు దగ్గరికెళ్లాను. అప్పటికే లేదు. మాస్టారు తీసేశారని తెలిసిపోయింది."

అతనికి తెలియకూడదనే కదా ఆయన అన్నేళ్లు నోరు కుట్టేసుకుంది. అతనికి మొదటి రోజు నుంచీ తెలుసు.

"ఒక్కసారి వచ్చి ఈ మాట ఆయనతో అనొచ్చుగా," అన్నాను.

"ఆయనే వచ్చి అడుగుతారని చూశానమ్మా. అడిగితే పదిమందిలో చెప్పేద్దామనుకున్నాను. అడగలేదు. పేపర్లో వేసింది మా పిల్ల చదివి చెప్పింది. అది తప్పని మీరన్నా రాయండి. నా గురించి కూడా రాసేయండి."

అత్తయ్యకి ఇవేవీ తెలియవు. కర్మకొచ్చిన మనిషి తినకుండా వెళ్లకూడదని వరండాలో విస్తరేసి వడ్డించింది. అతను కూర్చున్నాడు గానీ చెయ్యి పెట్టలేదు. పప్పు మీద వేసిన నెయ్యి పేరుకుని తెల్లబడేదాకా విస్తరి వంకే చూస్తూ కూర్చున్నాడు. తినమని నేననలేదు.