ఆకులు మేసే రాక్షసబల్లుల పక్కన

నేను పెళ్ళి చేసుకునేసరికి నాకు ముప్పై ఎనిమిదేళ్ళు, ఆయన కూతురికి ఎనిమిది. ఆయన మొదటి భార్య జబ్బు చేసి పోయి అప్పటికి రెండేళ్ళు కావస్తోంది. ఆయనకు పుంగనూరులో విత్తనాల అంగడి, నాకు మదనపల్లెలో కరెంటాఫీసు ఉద్యోగం. ఈ పెళ్ళి గురించి నన్ను ఎవరూ భయపెట్టక్కర్లేకపోయింది, నేనే బోలెడు భయాలు పోగేసుకుని వచ్చాను. వాటన్నిటిలోకీ పెద్దది ఆ పాప. ఆ ఇంట్లో నేను ఉండగలనా లేదా అన్నది ఆయన చేతిలో లేదని, ఆ పిల్ల చేతిలో ఉందని మొదటి రోజే అర్థమైంది.

పాప ఏడవలేదు, అలగలేదు, ఎదురు చెప్పలేదు. వాటిలో ఏదో ఒకటి చేసి ఉంటే నాకు సులువయ్యేది, ఎందుకంటే కొట్లాట నాకు బాగా వచ్చు. తను చేసిందల్లా నన్ను ఏమనీ పిలవకపోవడం. ఏదైనా కావాలంటే గోడవైపు తిరిగి, "నీళ్ళు అయిపోయినాయంట", "సంతకం పెట్టాలంట" అనేది, ఎవరో పంపిన కబురు అందించినట్టు. జడ మాత్రం వాళ్ళ నాన్న చేతే వేయించుకునేది. విత్తనాల సంచులు కుట్టే చేతులతో ఆయన వేసే జడ మధ్యాహ్నానికల్లా ఊడిపోయి, పిల్ల సాయంత్రం దయ్యంలా ఇంటికి వచ్చేది. నా చేతులు దురద పెట్టేవి. నోరు మూసుకుని కూర్చునేదాన్ని.

తనకి రాక్షసబల్లులంటే ప్రాణం. కిటికీ గట్టు మీద రబ్బరువి వరసగా నిలబెట్టి ఉండేవి, వాళ్ళమ్మ కొన్నవి. నేనేమో చాలా తెలివైనదాన్ని కదా, మదనపల్లె బస్టాండు పక్క అంగట్లో అన్నిటికంటే పెద్దదాన్ని ఎంచి తెచ్చాను. నోరంతా తెరిచి, పళ్ళన్నీ బయటపెట్టి, పొట్ట నొక్కితే గర్జించే రకం. పాప ఒకసారి నొక్కి చూసి, తిరిగి నా చేతిలో పెట్టేసింది.

"ఇది మాంసం తినేది. మనింట్లో అన్నీ ఆకులు తినేవే ఉండాయి."

ఆ 'మనింట్లో' నేను ఉన్నానో లేనో తెలియలేదు. కోపం ఎవరి మీద చూపించాలో తెలియక ఆ బొమ్మ మీదే చూపించి ఆఫీసుకు తీసుకుపోయాను. ఇప్పటికీ నా బల్ల మీదే ఉంది. ఎవరైనా ఫైలు విసురుగా పెడితే గర్జిస్తుంది, దానివల్ల కొందరు ఫైళ్ళు మర్యాదగా పెట్టడం నేర్చుకున్నారు.

ఆ తర్వాత రోజూ బస్సులో మదనపల్లె నుంచి పుంగనూరు వచ్చేలోపు ఫోనులో ఆకులు తినే రాక్షసబల్లుల గురించి చదవడం మొదలుపెట్టాను. పక్కసీటు ఆవిడ తొంగిచూసి, "పరీక్షలేమన్నా రాస్తాండావా మ్మా?" అని అడిగింది. అవునన్నాను. అది అబద్ధమేమీ కాదు.

ఒకరోజు భోజనాల దగ్గర పాపతో కాకుండా ఆయనతో అన్నాను, "అంకైలోసారస్ అని ఒకటుండేదట. ఒళ్ళంతా ఎముక బిళ్ళలు, తోక చివర పెద్ద గుండు. ఆ తోకతో కొడితే వేటకొచ్చినదాని కాలెముక విరిగిపోయేదట."

పాప పళ్ళెంలోంచి తల ఎత్తకుండానే అంది, "విరిగి ఉండచ్చు. సూసినోళ్ళు ఎవరూ లేరు. ఆ తోకతో అవీ అవీ కొట్టుకునుండచ్చు గూడా."

నన్ను సరిదిద్దడానికైనా నాతో మాట్లాడింది. ఆ సంతోషంలో ఆయన పళ్ళెంలో ఉన్న అన్నం మీదే మళ్ళీ అన్నం వడ్డించాను.

అప్పటినుంచి సాయంత్రాలు వీధిమెట్ల మీద కూర్చోవడం అలవాటైంది. తను పై మెట్టు మీద, నేను కింది మెట్టు మీద వేరుశనక్కాయలు ఒలుస్తూ. నేను ఏదో ఒకటి తప్పుగా అనేదాన్ని, తను దిద్దేది. మొదట్లో నిజంగానే తప్పులు, తర్వాత్తర్వాత కావాలని. స్టెగోసారస్ వీపు మీది పలకలు కవచమని నేనంటే, అంత పల్చటి పలకలు దెబ్బకు ఆగవనీ, ఎదుటివాటికి పెద్దగా కనపడడానికో ఒళ్ళు చల్లబడడానికో అయ్యుండచ్చనీ, అసలు ఆయుధం తోక మీది ముళ్ళేననీ చెప్పింది. ఇగ్వానొడాన్‌కు బొటనవేలు మేకులాగా ఉండేదట. ఎముకలు మొదట దొరికినప్పుడు పెద్దపెద్దవాళ్ళే దాన్ని ముక్కు మీద కొమ్మనుకుని అక్కడ అతికించారట. అది చెప్పేటప్పుడు పాప నవ్వింది. ముందరి పళ్ళ మధ్య చిన్న సందు ఉందని నాకు ఆ రోజే తెలిసింది.

"ఇంతకీ అవి గెలిచేవా, మాంసం తినేవాటి మీద?" అని అడిగాను.

"గెలిసేది ఎందుకు? అది ఇడిసిపెట్టి పోతే సాలు. ఇది మళ్ళా ఆకులు తినుకుంటాది."

నా చేతిలో కాయ అలాగే ఉండిపోయింది. ఇన్నాళ్ళూ నేను ఆ పిల్ల మనసు గెలవాలని బొమ్మలు మోసుకొచ్చాను, తీపి చేశాను, పలకరింపులు వెదికాను. తను కోరుకున్నది కాసేపు వదిలేయడం. చాలా చిన్న వయసులో చాలా పెద్ద దెబ్బ తిన్న పిల్ల. దగ్గరికి వచ్చే ప్రతిదానికీ అడ్డం పెట్టడానికి తన దగ్గర ఉన్నది ఆ మౌనం ఒక్కటే. ఆ సాయంత్రం నాకు ఆ పిల్ల మీద జాలి కాదు, ప్రేమే కలిగింది. మొదటిసారి. అప్పటిదాకా కలిగిందంతా ఆత్రం. మర్నాటినుంచి జడ వేస్తాననడం, అడగకుండా ముద్దలు కలపడం మానేసి ఊరికే కింది మెట్టు మీద కూర్చున్నాను. "ఏంది, ఇద్దరూ గంటలు గంటలు మాట్లాడుకుంటాండారు?" అని ఆయన అడిగితే, "యుద్ధాల గురించి" అన్నాను.

మహాలయ అమావాస్యకు కుప్పం నుంచి పాప అవ్వ ఫోను చేసింది. ఆయన మొదటి భార్య తల్లి. ఆ రోజు వాళ్ళింట్లో పెద్దలకు పెట్టుకుంటారు. పోయినవాళ్ళ ఫొటోల ముందు వండినవన్నీ పెట్టి, కొత్త గుడ్డలు పెట్టి మొక్కుతారు. తర్వాత ఆ గుడ్డలు ఇంట్లోవాళ్ళు కట్టుకుంటారు. ఈసారి నన్ను కూడా రమ్మంది. అంగడి మూసే వీలు లేక ఆయన ఆగిపోయారు, నేనూ పాపా పలమనేరు మీదుగా బస్సులో వెళ్ళాం. దారంతా పాప కిటికీలోంచి బయటికే చూసింది.

వెళ్ళగానే తాత మమ్మల్ని ఊరి బయట రాగిచేను చూపించడానికి తీసుకెళ్ళాడు. ముందు రాత్రే ఏనుగులు వచ్చిపోయాయి. చేను సగం మట్టిలో కలిసిపోయి ఉంది. తాత తిడతాడనుకున్నాను. తిట్టాడు కూడా, కానీ మధ్యమధ్య మెచ్చుకుంటూ తిట్టాడు.

"పిల్లేనుగును నడిమిట్లో పెట్టుకోని వచ్చినాయి సూడు. మేము టపాకాయలు కాలిస్తే అన్నీ దాని సుట్టూ అడ్డం నిలబడినాయి. దాన్ని కనపడనీలా."

ఏనుగుల పెద్ద అడుగుల మధ్య ఉన్న చిన్న అడుగు పక్కన పాప కూర్చుంది. రాళ్ళలో ఇట్లాగే పడిన అడుగుల్ని బట్టే, ఆకులు తినే రాక్షసబల్లులు కొన్ని గుంపుగా నడిచేవని అనుకుంటారని తాతకు చెప్పింది. తర్వాత అడిగింది, "అడ్డం నిలబడినవాట్లో వాళ్ళమ్మ ఏది, తాతా?"

"ఎవురికి తెలుసు తల్లీ. అన్నీ నిలబడినాయి."

"పిల్లకు తెలుసుంటాదా?"

"దానికి తెలీకుండా ఎట్లుంటాది? తెలుసు. అట్లని మిగతావాటిని పక్కకు పొమ్మనదు గదా."

పాప లేచి, ఆ చిన్న అడుగు తొక్కకుండా పక్కనుంచి దాటింది.

మధ్యాహ్నం పూజ అయింది. ఫొటోలో ఆమె పాపలాగే నవ్వుతోంది, పళ్ళ మధ్య అదే సందు. ఫొటో ముందు చిలకపచ్చ నూలు చీర. అవ్వ హారతి కళ్ళకద్దుకుని, చీర తీసి అందరి ముందూ నా చేతిలో పెట్టింది. "కట్టుకో మ్మా. ఈ పొద్దు పెట్టిన గుడ్డలు పెట్టెలో పెట్టగూడదు, ఒంటి మీదికి రావల్ల."

అవ్వ చెల్లెలు మెల్లగా అంది, "బిడ్డ సూస్తా ఉండాది గదక్కా."

ఆమె మాటలో తప్పేమీ లేదు. నేనూ అదే అనుకుంటున్నాను. పాప చీర వైపే చూస్తోంది. నన్ను ఏడాదిగా తన దగ్గరికి రానిచ్చింది ఒక్కో మెట్టే. ఈ చీరతో అదంతా పోతే మళ్ళీ మొదలుపెట్టే ధైర్యం నాకు లేదు. కట్టుకోనంటే ఆ తల్లి కడుపుకోత మీద కొట్టినట్టవుతుంది. కట్టుకోమంటావా అని తొమ్మిదేళ్ళ పిల్లను అడిగి ఆ బరువు తన నెత్తిన పెట్టడానికి మనసు ఒప్పలేదు. చీర పట్టుకుని లోపలి గదిలోకి పోయి, తలుపు దగ్గరగా వేసి, మంచం మీద కూర్చుండిపోయాను.

కొంచెం సేపటికి తలుపు తోసుకుని పాప వచ్చింది. నన్నూ, మడత విప్పని చీరనూ చూసింది. గోడకానుకుని నిలబడింది. వెళ్ళమని నేను అనలేదు. అలా ఇద్దరం ఉండగా నేను లేచి చీర మడత విప్పాను. కొత్త నూలు బిరుసుగా ఉంది. కుచ్చిళ్ళు ఒకటి పడితే ఒకటి జారిపోతున్నాయి.

పాప వచ్చి నా కాళ్ళ దగ్గర గొంతుకూర్చుంది. కుచ్చిళ్ళ అంచులు కింద ఒక్కొక్కటే లాగి సమంగా పెట్టసాగింది. అలవాటైన చేతులు.

"మా అమ్మకు నేనే సర్దేది" అంది.

నాకు దుఃఖం ఆగలేదు. కన్నీళ్ళు తన పాపిట్లో పడ్డాయి. పాప తల ఎత్తలేదు, కుచ్చిళ్ళు వదల్లేదు.

"కదలద్దు" అంది. నా పాదాల వైపు చూసి, "మా అమ్మ కంటే నువ్వు పొడుగుండావు. పాదాలు కనపడతాండాయి. కొంచిం దించి కట్టు."

దించి కట్టాను. పాప మళ్ళీ మొదటి కుచ్చి నుంచి సర్దడం మొదలుపెట్టింది.