తూర్పు వాకిలి అమ్మేసిన అంకుల్

మా కనాటా ఊళ్లో పక్కింటి మూర్తి అంకుల్, తూర్పు వాకిలి ఉన్న ఇల్లే కావాలని రెండేళ్లు రియల్టర్‌ని తిప్పించిన మనిషి. ఇవాళ ఆ ఇంటి తాళాలు కొన్నవాళ్ల చేతిలో పెట్టేశారు. ఆంటీతో ఆస్ట్రేలియా వెళ్లి, క్యారవాన్‌లోనే ఉంటూ దేశమంతా తిరుగుతారట. మళ్లీ ఎప్పుడొస్తారో వాళ్లకే తెలీదు.

ఎయిర్‌పోర్టుకి డ్రైవ్ చేస్తూ, "మరి క్యారవాన్‌కి వాస్తు చూశారా అంకుల్?" అని అడిగాను.

"చూసేదేముందమ్మా, ఎక్కడ ఆపినా తలుపు తూర్పుకి తిప్పి ఆపుకుంటా" అన్నారు, చాలా మామూలుగా.

ఇంటికొచ్చి మా గుమ్మం ముందు చాలాసేపు నిలబడ్డాను.

మీ వాకిలి ఎటు? మాదీ తూర్పే, కానీ అక్కణ్ణుంచి కదలదు.