నానమ్మ కిలో రాళ్లు, నా మానిటర్

విజయనగరంలో ఇవాళ తెర లేని నా బుల్లి కంప్యూటర్‌కి మానిటర్ కొనడానికి వెళ్లాను. మూలనున్న చవక మానిటర్ చూపిస్తే షాపతను, "అది పాత రకం, మీ బుల్లి కంప్యూటర్‌కి కనెక్టవదండి. ఈ పెద్దదే తీసుకోండి," అన్నాడు.

చేతిలో సంచి బరువుకి చీపురుపల్లిలో మా కిరాణా కొట్టు గుర్తొచ్చింది. కొట్లలో పెరిగినవాళ్లకి ఇలాంటివి గుర్తుండే ఉంటాయి. కొత్త తక్కెడ కొనాలంటే నానమ్మ మా కిలో తూకం రాళ్లు రెండూ సంచిలో వేసుకుని బయల్దేరేది.

"గవర్మెంటు ముద్రుందమ్మా," అనేవాడు తక్కెడ అమ్మేవాడు.

"ముద్ర తూస్తాదేటి? నా రాళ్లెట్టి సూపించు."

రాళ్లను రెండు పళ్లేల్లో అటూ ఇటూ మార్చి తూచేదాకా కదిలేది కాదు.

నేనూ సంచిలోంచి కంప్యూటర్ తీసి బల్ల మీద పెట్టాను. "ఆ మూలదానికెట్టి సూపించండి."

తెర వెలిగింది. అతను ఇంకా కనెక్టవదనే అంటున్నాడు. ఆ చవకదే ప్యాక్ చెయ్యమన్నాను.